సిమ్యులేటర్ చెక్ ఫెయిలయ్యాక ఏం జరుగుతుంది: నా అనుభవం

నేను ఎయిర్‌లైన్ పైలట్‌ని. గత ఏడాది మార్చిలో నా ఆరు నెలల సిమ్యులేటర్ చెక్ (నేల మీద ఉండే నమూనా కాక్‌పిట్‌లో ఆరు నెలలకోసారి ఇచ్చే పరీక్ష, మేం సిమ్ అంటాం) ఫెయిలయ్యాను. మళ్లీ పాసై, లైన్ మీదికి, అంటే మామూలు ఫ్లైట్లకు, తిరిగి వచ్చి, కెప్టెన్ అప్‌గ్రేడ్ సంగతి ఒక కొలిక్కి వచ్చేసరికి ఏడాది దాటింది. ఫెయిలైన రాత్రి నాకు తెలుసుకోవాలనిపించింది ఒక్కటే, రేపట్నుంచి నా ఉద్యోగం ఏమవుతుందని. తెలిసినవాళ్లను అడిగితే "ఏం కాదులే, చాలామందికి అవుతుంది" అన్నారు. ఎవరికి అయింది, తర్వాత వాళ్లను ఏం చేశారు, ఎన్నాళ్లు పట్టింది అని అడిగితే మాత్రం మాట మార్చారు. ఆ మౌనం మనిషిని చాలా నలిపేస్తుంది. అందుకే జరిగింది జరిగినట్టు వరుసగా రాస్తున్నాను.

నేను రెండు ఇంజన్ల జెట్ మీద ఫస్ట్ ఆఫీసర్‌ని, అంటే కెప్టెన్ పక్కన కుడి సీట్లో కూర్చునే కో-పైలట్‌ని. అప్పటికి తర్వాతి కమాండ్ బ్యాచ్ (కెప్టెన్లుగా అప్‌గ్రేడ్ అయ్యేవాళ్ల బ్యాచ్) లిస్టులో నా పేరుంది. మేం ఏడాదికి రెండు చెక్‌లు ఇవ్వాల్సిందే కాబట్టి సిమ్ నాకు కొత్త కాదు. అంతకుముందువన్నీ ఏ ఇబ్బందీ లేకుండా పాసయ్యాను.

స్లాట్ అర్ధరాత్రి దాటాక వచ్చింది. సిమ్యులేటర్లకు రాత్రీ పగలూ తేడా ఉండదు, ఇలాంటి స్లాట్లు మామూలే. ముందు బ్రీఫింగ్, తర్వాత నాలుగు గంటలు సిమ్, మధ్యలో చిన్న బ్రేక్. మొదటి సగం నాది, రెండో సగం నా పార్ట్‌నర్‌ది. రిజెక్టెడ్ టేకాఫ్ (రన్‌వే మీద పరుగు మధ్యలో టేకాఫ్ ఆపేయడం) బాగా అయింది. వీ1 (దాటాక ఇక టేకాఫ్ ఆపకూడని వేగం) దగ్గర ఇంజన్ ఫెయిల్యూర్ కూడా బాగా అయింది, నిజానికి అందరూ భయపడేది దానికే. ఎడమ ఇంజన్ ఆపేసి, చెక్‌లిస్టులు పూర్తిచేసుకుని, ఒక్క ఇంజన్ మీద ఐఎల్ఎస్ (రన్‌వే దగ్గర్నుంచి వచ్చే రేడియో సంకేతాలతో దిగే పద్ధతి) అప్రోచ్‌కి వచ్చాను. ఆటోపైలట్ లేకుండా చేత్తోనే నడపాలి. 200 అడుగుల దగ్గర తల ఎత్తి చూస్తే రన్‌వే లైట్లు కనబడలేదు. "గో-అరౌండ్" అన్నాను, అంటే దిగకుండా మళ్లీ పైకి వెళ్లిపోవడం.

అక్కడ జరిగింది కొంచెం వివరంగా చెప్పాలి. థ్రస్ట్ లీవర్ పూర్తిగా ముందుకు తోయగానే పనిచేస్తున్న కుడి ఇంజన్ ఒక్కటే ఊపందుకుంటుంది, విమానం ముక్కు ఎడమకు లాగేస్తుంది. దాన్ని ఆపడానికి కుడి కాలితో రడ్డర్ పెడల్ బలంగా తొక్కాలి. తొక్కాను, చాల్లేదు. ముక్కు పైకెత్తాను, ఫ్లాప్ (రెక్కల వెనక ఉండే పలక) ఒక మెట్టు తగ్గించమన్నాను, గేర్ (చక్రాలు) పైకి అన్నాను. ఈలోపు హెడింగ్ (విమానం ముక్కు చూసే దిక్కు) ఎడమకు జారుతూనే ఉంది. ఇంజన్ పోయినప్పుడు హెడింగ్ 10 డిగ్రీలకు మించి తప్పకూడదు, స్పీడ్ 5 నాట్లకు మించి తగ్గకూడదు. హెడింగ్ ఆ హద్దు దాటింది. దాన్ని వెనక్కి తేవడానికి కుడివైపు వంచేసరికి స్పీడ్ కూడా పడింది. పార్ట్‌నర్ "హెడింగ్" అన్నాడు, ఆ వెంటనే "స్పీడ్" అన్నాడు. అతని గొంతులో మార్పు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఎగ్జామినర్ సిమ్‌ని ఫ్రీజ్ చేసి, "ఆ ఒక్క ఐటమ్ ఇంకోసారి చేద్దాం" అన్నారు. రెండో అవకాశం ఇచ్చారు కదా అని ధైర్యం రావాలి. నాకు మాత్రం టెన్షన్ రెట్టింపయింది. కళ్లు ఈ అప్రోచ్ మీద ఉన్నా, మనసంతా వెనకటి గో-అరౌండ్ మీదే ఉంది. ఈసారి థ్రస్ట్ పెరగకముందే కాలు బలంగా తొక్కేశాను. ముక్కు ముందు కుడికి పోయింది, సర్దబోతే ఎడమకు పోయింది. ఆ గొడవలో గేర్ సంగతి పార్ట్‌నర్ గుర్తుచేయాల్సి వచ్చింది. ఎగ్జామినర్ ఏమీ అనలేదు, మిగతా ఐటమ్స్‌కి వెళ్లిపోయారు. ఒక్క ఇంజన్ మీద ల్యాండింగ్ చేశాను, అది శుభ్రంగా అయింది.

ఇక్కడ నేను ఊహించని కష్టం ఒకటి ఎదురైంది. ఫెయిలయ్యానని నాకు తెలుసు, కానీ సెషన్ సగమే అయింది. బ్రేక్ తర్వాత పార్ట్‌నర్ చెక్‌కి నేను పక్క సీట్లో కూర్చుని చెక్‌లిస్టులు చదవాలి, కాల్స్ ఇవ్వాలి, రేడియో చూసుకోవాలి. నా ధ్యాస చెదిరితే అతని చెక్ కూడా పాడవుతుంది. ఆ రెండు గంటలు నేను చేసినంత శ్రద్ధగా ఆ పని అంతకుముందెప్పుడూ చేయలేదు. అతను పాసయ్యాడు. ఆ రాత్రి మొత్తంలో నాకు ఊరటనిచ్చింది అదొక్కటే.

డీబ్రీఫింగ్‌లో పార్ట్‌నర్‌ని ముందు పంపించేసి ఎగ్జామినర్ నాతో విడిగా మాట్లాడారు. మర్యాదగానే మాట్లాడారు. స్క్రీన్ మీద నా గో-అరౌండ్ రికార్డింగ్ వేసి చూపించారు. హెడింగ్ గీత ఎక్కడ పక్కకు పోయిందో, రడ్డర్ గీత దాని వెనకాల ఎంత ఆలస్యంగా కదిలిందో స్పష్టంగా కనబడింది. తర్వాత ఫారం ముందుకు జరిపి సంతకం పెట్టమన్నారు.

సంతకం పెట్టేముందు రిమార్క్స్ చదవండి. ఎంత నిద్రమత్తులో ఉన్నా, ఎంత సిగ్గుగా ఉన్నా చదవండి. నా ఫారంలో "మాన్యువల్ ఫ్లయింగ్ ప్రమాణాలకు తగ్గట్టు లేదు" అనే అర్థం వచ్చే ఒక్క వాక్యం ఉంది. అది చదివినవాళ్లకు నాకు విమానం నడపడమే రాదేమో అనిపిస్తుంది. వీ1 ఇంజన్ ఫెయిల్యూర్, సింగిల్ ఇంజన్ ల్యాండింగ్ రెండూ మాన్యువల్‌గానే చేశాను, అవి బాగున్నాయని మీరే చెప్పారు కదా సార్, ఏ ఐటమ్‌లో ఏ హద్దు దాటానో స్పష్టంగా రాయగలరా అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. ఫలితం మారలేదు, మార్చమని నేను అడగనూ లేదు. కానీ "ఒక ఇంజన్‌తో గో-అరౌండ్‌లో హెడింగ్, స్పీడ్ పరిమితులు దాటాయి, మిగతా మాన్యువల్ ఐటమ్స్ సంతృప్తికరం" అని కాగితం మీదికి వచ్చింది. ఫారం కాపీ ఒకటి అప్పుడే తీసుకున్నాను. ఆ తర్వాత ఏడాదిలో నన్ను చూడకుండా ఆ ఫారం మాత్రమే చూసి నిర్ణయాలు తీసుకున్నవాళ్లు చాలామంది.

రేటింగ్ (ఆ రకం విమానం నడపడానికిచ్చే అనుమతి) గడువు ఇంకా కొన్ని వారాలుంది కాబట్టి ఈలోపు మామూలుగా ఫ్లయింగ్ చేసుకోవచ్చని మనసులో ఎక్కడో ఆశ ఉండేది. అలా కుదరదు. గడువు మిగిలి ఉన్నా, ఫెయిలైన క్షణం నుంచి మళ్లీ పాసయ్యేదాకా ఆ రేటింగ్ మీద ఎగరకూడదు. ఇల్లు చేరేసరికి రోస్టర్ (డ్యూటీల పట్టిక) యాప్‌లో నెల మొత్తం ఖాళీ అయిపోయింది. మర్నాడు నాతో వెళ్లాల్సిన కెప్టెన్ "ఒంట్లో బాగుందా? మీ పేరు మారింది" అని మెసేజ్ పెట్టారు. నేను ఎవరికీ చెప్పకముందే రోస్టర్ అందరికీ చెప్పేసింది.

మా ఆవిడకి మాత్రం వెంటనే చెప్పాను. "ఉద్యోగం పోతుందా?" అంది. తెలీదన్నాను, అది నిజం. మొదటి వారం నిద్ర సరిగ్గా పట్టలేదు. పడుకుంటే కుడి కాలు దానంతటదే బిగుసుకునేది.

డబ్బు విషయం కూడా చెప్పాలి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. బేసిక్ జీతం వచ్చింది. కానీ ఎగిరిన గంటలకిచ్చే అలవెన్సు, లేఓవర్ (వేరే ఊళ్లో బస) అలవెన్సు మొత్తం ఆగిపోయాయి. మా జీతంలో అది పెద్ద భాగం, ఇంటి లోన్ కంతులన్నీ దాన్ని నమ్ముకునే పెట్టుకుంటాం. లాస్ ఆఫ్ లైసెన్స్ ఇన్సూరెన్స్ ఏళ్ల తరబడి కడుతున్నాను కదా అని పాలసీ తీసి చదివాను. అది ఆరోగ్య కారణాలతో మెడికల్ సర్టిఫికెట్ పోతేనే వర్తిస్తుంది, చెక్ ఫెయిలైతే పైసా రాదు. మీ దగ్గర అలాంటి పాలసీ ఉంటే ఈరోజే తీసి ఆ పేజీ చదువుకోండి.

ట్రైనింగ్ డిపార్ట్‌మెంట్ నుంచి పిలుపు రావడానికి వారం పైనే పట్టింది. ఆ మీటింగ్‌కి భయపడుతూ వెళ్లాను. నా పాత చెక్‌ల గ్రేడ్లన్నీ టేబుల్ మీద పెట్టుకుని కూర్చున్నారు. ఇది ఒక్కసారి జరిగిందా, లేక కొన్నేళ్లుగా మెల్లగా దిగజారుతూ వస్తోందా అన్నదే వాళ్లు చూసేది. నాది మొదటిదే అని తేలాక వాతావరణం తేలికపడింది. ఇంట్లో ఏమైనా సమస్యలున్నాయా, నిద్ర ఎలా ఉంది, ఈ మధ్య చేత్తో ఎంత నడుపుతున్నారు అని అడిగారు. చివరి ప్రశ్నకు నా దగ్గర గర్వంగా చెప్పుకునే జవాబు లేదు. రద్దీ ఎయిర్‌పోర్టుల మధ్య తిరిగే లైన్ ఫ్లయింగ్‌లో టేకాఫ్ అయిన కాసేపటికే ఆటోపైలట్ పెట్టేస్తాం, దిగే ముందు తీస్తాం. అందరిదీ అదే పరిస్థితి.

వాళ్లు వేసిన ప్లాన్ ఇది: రెండు అదనపు ట్రైనింగ్ సెషన్లు, ఆ తర్వాత వేరే ఎగ్జామినర్‌తో రీచెక్. మా నిబంధనల ప్రకారం ఐదు ఐటమ్స్ కంటే ఎక్కువ ఫెయిలైతే చెక్ మొత్తం మళ్లీ ఇవ్వాలి, ఐదు లేదా అంతకంటే తక్కువైతే ఫెయిలైనవి మాత్రమే ఇస్తే చాలు. నాది ఒక్కటే ఐటమ్. కానీ రీచెక్‌లో కూడా పోతే ముందు పాసైనవి కూడా చెల్లవు, మొదటి నుంచి మొత్తం ఇవ్వాలి. రెండోసారి కూడా ఫెయిలైతే విషయం రివ్యూ బోర్డుకు వెళ్తుంది, అక్కడ ఉద్యోగం ఉంటుందా లేదా అన్న చర్చ మొదలవుతుంది. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు, టైప్ రేటింగ్ బాండ్ (ట్రైనింగ్ ఖర్చుకు బదులు ఇన్నేళ్లు పనిచేస్తామని రాసిచ్చే ఒప్పందం) ఇంకా తీరనివాళ్లకు అంతదాకా కూడా ఆగకపోవచ్చు. ఒకే ఫెయిల్ ఎవరికి ఎప్పుడు వచ్చిందన్నదాన్ని బట్టి దాని బరువు మారిపోతుంది. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

సెషన్ల కోసం ఎదురుచూడటం చెక్ కంటే కష్టమైంది. సిమ్ స్లాట్లు నెలల ముందే బుక్ అయిపోయి ఉంటాయి. ఎవరైనా రద్దు చేసుకుంటేనే మనకు. ఫోన్ మోగిన ప్రతిసారీ గుండె దడదడలాడేది. మార్చి పోయింది, ఏప్రిల్ పోయింది. ఆ ఖాళీలో ఇంకో సమస్య పుట్టింది. గడిచిన 90 రోజుల్లో కనీసం మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు లేకపోతే ఎగిరే అర్హత (రీసెన్సీ) పోతుంది. నాది పోయే తేదీ దగ్గరపడుతోందని నేనే లెక్కవేసుకుని షెడ్యూలింగ్‌కి రాశాను. సెషన్ చివర్లో ఆ ల్యాండింగ్‌లు కూడా కలిపారు. రాయకపోయి ఉంటే రీచెక్ పాసయ్యాక మళ్లీ ఇంకో స్లాట్ కోసం కూర్చోవాల్సి వచ్చేది.

ఆ రోజుల్లోనే పీర్ సపోర్ట్‌కి (ఇబ్బందిలో ఉన్న పైలట్లతో తోటి పైలట్లే మాట్లాడే ఏర్పాటు) ఫోన్ చేశాను. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ కో-పైలట్ విమానాన్ని కావాలని కూల్చేశాక ఈ ఏర్పాటుకు ప్రాధాన్యం పెరిగింది, యూరప్‌లో ఎయిర్‌లైన్లకు దీన్ని తప్పనిసరి కూడా చేశారు. ఫోన్ చేస్తే అది నా మెడికల్‌కి ఎక్కడ చుట్టుకుంటుందో అని చాలా రోజులు వెనకాడాను. అవతల మాట్లాడింది కూడా పైలటే. గంటసేపు విన్నారు. తనకీ ఒకప్పుడు కమాండ్ ట్రైనింగ్ మధ్యలో ఆగిపోయి కుడి సీటుకి తిరిగి వచ్చిన అనుభవం ఉందని, ఆ తర్వాత మూడేళ్లకు కెప్టెన్ అయ్యానని చెప్పారు. తన కథ పూర్తిగా చెప్పిన మొదటి మనిషి ఆయనే. ఆ రాత్రి బాగా నిద్రపోయాను.

మే నెలలో మొదటి సెషన్ దొరికింది. ఇన్‌స్ట్రక్టర్ సిమ్ స్టార్ట్ చేయకముందే "సీట్లో కూర్చుని కుడి పెడల్ చివరిదాకా తొక్కండి" అన్నారు. తొక్కాను. మోకాలు పూర్తిగా చాపుకుపోయింది, అయినా ఇంకా కొంచెం మిగిలే ఉంది. "అదిగో" అన్నారాయన. పెడల్స్ నాకు రెండు మూడు నాచ్‌లు దూరంగా పెట్టుకునే అలవాటు. మామూలు ఫ్లయింగ్‌లో పూర్తి రడ్డర్ అవసరం రాదు కాబట్టి ఎప్పుడూ తెలియలేదు. కాలు పూర్తిగా చాచి బలం పెట్టాల్సి వస్తే ఎంత పెడుతున్నామో అంచనా ఉండదు, ఒకసారి తక్కువవుతుంది, ఇంకోసారి ఎక్కువవుతుంది. నాకు ఆ రాత్రి రెండూ అయ్యాయి. పెడల్స్ దగ్గరకు జరిపి, మడమ నేలకు ఆనించి, మోకాలు కాస్త వంగి ఉండగానే చివరిదాకా తొక్కగలిగేలా సర్దారు. ఆ తర్వాత ఆయన చెప్పింది ఒకటే, థ్రస్ట్ లీవర్ మీద చెయ్యి ఎంత వేగంగా వెళ్తుంటే కాలు కూడా అంతే వేగంగా వెళ్లాలి. చెయ్యి ముందు, కాలు తర్వాత కాదు. రెండూ సైకిల్ పెడళ్లలాగా ఒకదానికొకటి కట్టేసి ఉన్నట్టు కదలాలి.

ఒకదాని వెనక ఒకటి గో-అరౌండ్‌లు చేయించారు. ఎడమ ఇంజన్, కుడి ఇంజన్, పక్కగాలితో, గాలి లేకుండా. సెషన్ సగానికి వచ్చేసరికి హెడింగ్ కదలడం ఆగిపోయింది. ఇన్నేళ్లలో నా సీటింగ్ పొజిషన్‌ని ఎవరూ ఇలా చూడలేదు. ట్రైనింగ్ అంటే శిక్ష అనుకుని వెళ్లాను, కెరీర్ మొత్తంలో నాకు బాగా ఉపయోగపడిన నాలుగు గంటలు అవే అయ్యాయి.

రీచెక్ జూన్ మొదట్లో జరిగింది. కొత్త ఎగ్జామినర్‌కి నా గురించి తెలిసింది ఆ ఫారంలో ఉన్నంతే. బ్రీఫింగ్‌లో దాన్ని చదివి "సమస్య ఇది ఒక్కటే కదా" అన్నారు. మార్చిలో ఆ వాక్యం మార్పించుకోకపోతే ఈ మాట ఇలా వచ్చేది కాదు. గో-అరౌండ్ అయింది, పాసయ్యాను. ఆనందం వస్తుందనుకున్నాను. కారులో కూర్చున్నాక కాసేపు ఏమీ అనిపించలేదు, తర్వాత ఒక్కసారిగా ఏడుపొచ్చింది.

వెంటనే మామూలు రోస్టర్ ఇవ్వలేదు. కొన్ని ఫ్లైట్లు ట్రైనింగ్ కెప్టెన్‌తో, చివర్లో ఒక లైన్ చెక్ (నిజమైన ఫ్లైట్‌లో పరీక్ష). జూలైలో పూర్తిగా లైన్ మీదికి వచ్చాను. తోటివాళ్లలో ఎక్కువమంది ఏమీ జరగనట్టే ఉన్నారు. ఇద్దరు ముగ్గురు మాత్రం క్రూజ్‌లో (విమానం పైకి చేరి నిలకడగా ఎగురుతున్నప్పుడు), చుట్టూ ఎవరూ లేనప్పుడు, తమకూ అలా జరిగిందని చెప్పారు. నా ముఖం చూసి చెప్పాలనిపించిందన్నారు.

ఇక కెరీర్ మీద పడిన దెబ్బ. కమాండ్ లిస్టు నుంచి నా పేరు తీసేశారు. ఫెయిల్ తర్వాత వరుసగా రెండు చెక్‌లు అదనపు ట్రైనింగ్ లేకుండా పాసైతేనే మళ్లీ పరిశీలిస్తామన్నారు. చెక్ ఆరు నెలలకోటి కాబట్టి దాని అర్థం ఏడాది. సీనియారిటీ నంబర్ పోలేదు, కానీ నా తర్వాత చేరినవాళ్లు కొందరు ముందే కెప్టెన్లయ్యారు. వాళ్లలో ఒకరి పక్కన మొదటిసారి కూర్చున్న రోజు బాధగానే అనిపించింది. అతను చాలా మర్యాదగా ఉన్నాడు. కెప్టెన్ జీతం ఏడాది ఆలస్యం అంటే ఆ తేడా రిటైర్మెంట్ దాకా ఉంటుంది. ఇన్‌స్ట్రక్టర్ కావాలన్న నా కోరిక కూడా అంతే వెనక్కి జరిగింది.

మధ్యలో వేరే ఎయిర్‌లైన్‌కి కూడా అప్లై చేశాను. ఫారంలో ఆ ప్రశ్న సూటిగానే ఉంది, ఏ చెక్ అయినా, టెస్ట్ అయినా ఎప్పుడైనా ఫెయిలయ్యారా అని. "రాయకు, ఎవరికి తెలుస్తుంది" అని సలహా ఇచ్చినవాళ్లున్నారు. నేను ఆ సలహా తీసుకోలేదు, మీరు కూడా తీసుకోవద్దు. 2009 ఫిబ్రవరి 12న అమెరికాలోని బఫలో దగ్గర కోల్గన్ ఎయిర్ 3407 విమానం కూలి 50 మంది చనిపోయారు. ఆ కెప్టెన్ పాత చెక్ ఫెయిల్యూర్లు అన్నీ కంపెనీకి చెప్పలేదని దర్యాప్తులో తేలింది. 2019లో అట్లాస్ ఎయిర్ 3591 కూలినప్పుడు కూడా ఫస్ట్ ఆఫీసర్ పాత ట్రైనింగ్ వైఫల్యాలు దాచిన సంగతి బయటపడింది. ఇప్పుడు అమెరికాలో పైలట్ రికార్డ్స్ డేటాబేస్ ఉంది, ఉద్యోగం ఇచ్చే ముందు ఎయిర్‌లైన్ దాన్ని చూడాల్సిందే. డేటాబేస్ లేని చోట కూడా పాత కంపెనీ నుంచి ట్రైనింగ్ రికార్డులు తెప్పించుకోవచ్చు. ఒక్క ఫెయిల్ చూసి వద్దనేవాళ్లు తక్కువ. దాచారని తెలిస్తే మాత్రం తీసుకునేవాళ్లు ఉండరు, ఉద్యోగంలో చేరాక తెలిసినా తీసేస్తారు.

"ఉంది" అని రాసి, ఫారం కాపీ, రీచెక్ రిపోర్టు రెండూ జత చేశాను. ఇంటర్వ్యూకి పిలిచారు. అందులో ఎక్కువసేపు దాని మీదే నడిచింది. ఎందుకు ఫెయిలయ్యారన్న దానికంటే తర్వాత ఏం మార్చుకున్నారన్నది వాళ్లకు కావాలి. ఎగ్జామినర్‌ని నిందిస్తానేమో, అర్ధరాత్రి స్లాట్ మీదికి నెట్టేస్తానేమో అని కూడా చూశారనుకుంటాను. పెడల్స్ సంగతి చెబితే ప్యానెల్‌లో ఒకాయన తల ఊపి రాసుకున్నారు. సెలెక్టయ్యాను. కానీ అక్కడ సీనియారిటీ అట్టడుగు నుంచి మొదలవుతుంది, కమాండ్ ఇంకా దూరమవుతుంది. ఇంట్లో కూర్చుని లెక్కలన్నీ వేసుకుని వెళ్లలేదు.

ఆ తర్వాతి చెక్ సెప్టెంబర్‌లో, రెండోది ఈ ఏడాది మార్చిలో పాసయ్యాను. రెండుసార్లూ సీట్లో కూర్చోగానే ముందు పెడల్ చివరిదాకా తొక్కి చూసుకున్నాను. ఏప్రిల్‌లో అప్‌గ్రేడ్ బోర్డు ముందు కూర్చోబెట్టారు. ఫైల్లో అన్నిటికంటే పైన ఉన్న కాగితం పోయినేడాది ఫారమే. ఛైర్మన్ రిమార్క్స్ చదివి, తర్వాతి రెండు చెక్‌ల గ్రేడ్లు చూసి, అలసట మీద, గో-అరౌండ్ నిర్ణయాల మీద కొన్ని ప్రశ్నలు అడిగారు. పది రోజుల తర్వాత మెయిల్ వచ్చింది. నవంబర్ కమాండ్ బ్యాచ్‌లో పేరుంది, మాన్యువల్ ఫ్లయింగ్ మీద ఒక అదనపు సెషన్ షరతుతో. ఆ సెషన్ స్లాట్ ఇంకా రాలేదు, షెడ్యూలింగ్‌కి వారం క్రితం మళ్లీ రాశాను.